ఆర్టీసీ కొనుగోలు, కాంట్రాక్టు నిబంధనల్లో ఏం మార్చమని అడగాలి? (వరంగల్ రీజియన్)

ఓరుగల్లు_ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. వరంగల్ రీజియన్‌లోని తొమ్మిది డిపోల (వరంగల్-1, వరంగల్-2, హనుమకొండ, పరకాల, నర్సంపేట, జనగామ, మహబూబాబాద్, తొర్రూరు, భూపాలపల్లి) ప్రయాణికుల సంఘాలు కలిసి ఆర్టీసీ యాజమాన్యానికి వినతిపత్రం రాస్తున్నాయి. బస్సులు పెంచండి, ట్రిప్పులు ఎగ్గొట్టకండి అని ఎప్పుడూ రాసేదే. ఈసారి దాని వెనకున్న కొనుగోళ్లు, కాంట్రాక్టుల సంగతి అడగాలనుకున్నాం. సామాను లేక బస్సు డిపోలో నిలబడ్డా, అద్దె బస్సు రూటు నుంచి తప్పుకున్నా, దాని మూలం చాలాసార్లు టెండర్ కాగితంలోనే ఉంటది.

మా మధ్య తేలని విషయాలు మూడు. ఎల్-1 పద్ధతి, అంటే తక్కువ కోట్ చేసినవాళ్లకే ఆర్డరివ్వడం, దానివల్లే నాసిరకం సామాను వస్తున్నదని, దాన్ని తీసేయమని రాయాలని కొందరంటున్నారు. అద్దె బస్సులకూ విద్యుత్ బస్సులకూ ఒకే రకం షరతులు అడగొచ్చా అన్నది రెండోది. మూడోది, ఇవి మారాలంటే అసెంబ్లీలో చట్టం కావాలా, బోర్డు తీర్మానం సరిపోతదా? పత్రం రెండు పేజీలు దాటొద్దు. లెక్కతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

స్టోర్స్_లెక్క:

ఎల్-1 తీసేయమని మాత్రం రాయకండి. ధర పక్కనబెట్టి ఇంకేదో చూసి ఆర్డరిచ్చే అధికారం ఒక కమిటీ చేతికి పోతే ఇప్పుడున్న దానికన్నా పెద్ద తలనొప్పి. తక్కువ ధరను ఎంచుకోవడంలో తప్పు లేదు. దేని ధర అడుగుతున్నాం అన్నదాంట్లో ఉంది తప్పు. ఒక టైరు ధర అడిగితే చవక టైరు వస్తది. కిలోమీటరుకు టైరు ఖర్చు అడిగితే వేరే టైరు వస్తది. ఆర్డర్ పోయేది రెండుసార్లూ ఎల్-1కే.

ఉదాహరణకు ఈ అంకెలు తీసుకోండి (ఇవి లెక్క కోసం వేసుకున్నవే). మొదటి టైరు ధర 20,000, కొత్తగా 60,000 కి.మీ. నడుస్తది, ఒక్క రీట్రెడింగ్‌కే (అరిగిన టైరు మీద కొత్త పొర వేయడం) పనికొస్తది. రెండోది 24,000, కొత్తగా 85,000 కి.మీ., రెండు రీట్రెడింగ్‌లు తట్టుకుంటది. రీట్రెడింగ్‌కు 7,000, దానితో 30,000 కి.మీ. అనుకుందాం. మొదటిది: 27,000 రూపాయలకు 90,000 కి.మీ., అంటే కిలోమీటరుకు 30 పైసలు. రెండోది: 38,000 రూపాయలకు 1,45,000 కి.మీ., అంటే 26 పైసల చిల్లర. ఆరు టైర్ల బస్సు ఏడాదికి లక్ష కి.మీ. తిరిగితే తేడా బస్సుకు సుమారు 22,750 రూపాయలు. టైరు ధరనే చూసే టెండర్‌లో ఈ రెండోది పోటీలోనే ఉండదు.

అయితే ఆ కిలోమీటర్లు ఎక్కడివి అన్నదే అసలు కొట్లాట. కంపెనీ చెప్పిన అంకె తీసుకోవద్దు. సంస్థే ట్రయల్ వేయాలి. అదీ ఒకే రూటులో, ఒకే రకం బస్సుకు, ఒకే చక్రం స్థానంలో. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద ఒక బ్రాండు, జనగామ హైవే మీద ఇంకో బ్రాండు వేసి పోలిస్తే ఆ ట్రయల్‌కు విలువ లేదు. రీట్రెడ్ టైర్లను ముందు చక్రాలకు వేయరు కాబట్టి ముందు, వెనక లెక్కలు వేర్వేరుగా రాయాలి. టెండర్‌లో హామీ ఇచ్చిన కిలోమీటర్లకు ముందే టైరు పోతే, తగ్గిన కిలోమీటర్ల మేరకు బిల్లులో కోత పడాలి. కోత లేకపోతే ఎవరైనా లక్ష కి.మీ. హామీ రాసిస్తరు.

ఇదే పద్ధతి బ్రేక్ లైనర్లకు, క్లచ్ ప్లేట్లకు, బ్యాటరీలకు కూడా పెట్టొచ్చు. నట్లు, బోల్టులు, బల్బులకు వద్దు, లెక్క రాసే కూలీ సామాను ధరను మించుతది. ఏడాది ఖర్చులో ఎక్కువ భాగం కొన్ని వస్తువులదే ఉంటది. వాటిని, అవి లేకపోతే బస్సు కదలని వస్తువులను విడదీసి, ఆ రెండు జాబితాలకే జీవితకాలపు ఖర్చు లెక్క అడగండి.

నాసిరకం గురించి. స్పెసిఫికేషన్‌లో ఫలానా బ్రాండు 'లేదా తత్సమానం' అని రాస్తరు. తత్సమానమని ఎవరు తేల్చాలో, ఏ పరీక్షతో తేల్చాలో రాయరు. బ్రేక్ లైనింగ్‌కు ఐఎస్ 2742 ప్రమాణం ఉంది, దాన్నే రాయాలి. టెండర్ ఆమోదమైనప్పుడు ఒక నమూనాకు సీలు వేసి స్టోర్‌లో పెట్టాలి. తర్వాత వచ్చే ప్రతి లాటు నుంచి ఐఎస్ 2500 ప్రకారం నమూనాలు తీసి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకు పంపాలి. ఫెయిలైతే ల్యాబు ఖర్చు, లాటు వాపసు రవాణా సరఫరాదారు మీదే. మొదటి లాటు బాగుంటది, మూడో లాటు నుంచి నాణ్యత జారుతది. తనిఖీ మాత్రం మొదటి లాటుకే గట్టిగా జరుగుతది.

ఇంకో విషయం బయటివాళ్లకు కనపడదు. స్టోర్‌లో పార్టు లేకపోతే ఆగివున్న ఇంకో బస్సు నుంచి విప్పి బిగిస్తరు. బస్సు రోడ్డెక్కుతది. కాని ఆ అవసరం ఇండెంట్‌లో, అంటే సామాను కావాలని స్టోర్‌కు పెట్టే కాగితంలో, నమోదు కాదు. ఏడాది చివర వాడకం తక్కువగా కనపడుతది, వచ్చే ఏడాది ఆర్డర్ ఇంకా తగ్గుతది, విప్పుడు ఇంకా పెరుగుతది. విప్పిన ప్రతి పార్టుకూ బస్సు నంబరు, కిలోమీటరు రీడింగుతో ఇండెంట్ వేయాల్సిందేనన్న ఒక్క నిబంధన దీన్ని ఆపుతది. ఖర్చేమీ లేదు.

ఆర్డర్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా అంకెతో ఉండాలి. నెలకు 30 క్లచ్ ప్లేట్లు పోతే, ఆర్డరిచ్చినంక సరుకు చేరడానికి మామూలుగా మూడు నెలలు, ఆలస్యమైతే నాలుగున్నర పడితే, నిల్వ 135కు దిగంగనే ఆర్డర్ పోవాలి. 90కి దిగేదాకా ఆగితే ఆలస్యమైన ప్రతిసారీ నెలన్నర బస్సులు ఆగుతయి. అప్పుడు డిపోవాళ్లు బయట ఎక్కువ ధరకు కొంటరు, పరిమితి దాటకుండా ఒక కొనుగోలును నాలుగు బిల్లులు చేస్తరు, ఆడిట్‌లో పట్టుబడుతరు. రెండేళ్ల రేట్ కాంట్రాక్టు (ధర ముందే ఖాయం చేసి అవసరమైనప్పుడల్లా తెప్పించుకునే ఒప్పందం), ఎల్-1కు 70 శాతం, ఎల్-1 ధరకు ఒప్పుకున్న ఎల్-2కు (రెండో తక్కువ ధర వేసినవాళ్లకు) 30 శాతం పెడితే ఒకరు చేతులెత్తేసినా పని ఆగదు. ఆ పంపకం టెండర్ నోటీసులోనే రాయాలి. తెరిచినంక పంచితే కోర్టుకు పోతరు.

అద్దెబస్సు_లెక్కలు:

స్టోర్స్ అన్న చెప్పినదంతా సామానుకు సరే. అద్దె బస్సుల కాడ ముచ్చట వేరే ఉంటది. అక్కడ రేటు కన్నా ముందు మారాల్సినవి మైలేజీ షరతు, బిల్లు తేదీ.

ఒప్పందంలో కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది, ఒక అంకె కట్టి పెడతరు. 5.5 అని కట్టినరు అనుకోండి. బస్సు నిండా జనం నిలబడి ప్రయాణిస్తే 5.0 వస్తది. వంద కిలోమీటర్లకు 18.2 లీటర్లు పోవాల్సిన చోట 20 లీటర్లు పోతది. లీటరు 95 రూపాయలు వేసుకుంటే, రోజుకు 300 కి.మీ. తిరిగే బస్సుకు 518 రూపాయలు, నెలకు 15,500 యజమాని నెత్తిన పడుతది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి (ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం) మొదలైనంక ఇదే అయింది. జనం పెరిగిన్రు, మంచిదే. కాని ఒప్పందాలు పాత లోడు మీద రాసినవి. 2024 జనవరిలో అద్దె బస్సుల యజమానులు సమ్మె దాకా పోయి, మంత్రితో చర్చల తర్వాత ఆగిన్రు. ప్రభుత్వ నిర్ణయంతో లోడు మారితే 30 రోజుల్లో ఉమ్మడి టెస్టు నడిపి కేఎంపీఎల్ మళ్లా కట్టాలని ముందే రాసి ఉంటే సమ్మె నోటీసు అక్కరుండేది కాదు. టెస్టుకు డిపో మనిషి, యజమాని మనిషి ఇద్దరూ ఉండాలె. ట్యాంకు నింపుడు నుంచి ట్యాంకు నింపుడు దాకా లెక్క పెట్టాలె. ఒక్క రోజు కాదు, కనీసం వారం, సంత రోజు కూడా అండ్ల కలవాలె.

డీజిల్ ఖర్చు యజమాని మీదున్న ఒప్పందాల్లో ధర మారితే రేటు మారే సూత్రం కూడా ఒక లైనులో రాసుకోవచ్చు. ధరలో వచ్చిన తేడాను కేఎంపీఎల్‌తో భాగించాలె. లీటరుకు 5 రూపాయలు పెరిగి, కేఎంపీఎల్ 5 ఉంటే కిలోమీటరుకు రూపాయి. పెరిగినా తగ్గినా అదే లెక్క, ప్రతి నెల ఒకటో తారీఖు ధర మీద. 'సమీక్షించి నిర్ణయించబడును' అని రాస్తే ఎవ్వరూ సమీక్షించరు.

బిల్లు సంగతి. లక్ష రూపాయల బిల్లు 90 రోజులు ఆలస్యమైతే, 12 శాతం వడ్డీకి తెచ్చుకున్నోనికి 3,000 పోయినట్టే. టెండర్ వేసేటప్పుడే ఆ మూడు శాతం రేట్ల కలిపి వేస్తడు. అంటే ఆలస్యానికి డబ్బు కట్టేది సంస్థే, పేరు మాత్రం కాంట్రాక్టర్ ఎక్కువ అడిగిండని. తేదీ ఖాయం చేస్తే రేటు దానంతటదే దిగుతది. రేటు తగ్గించమని బతిమాలే కన్నా ఇది మేలు.

మహిళా సంఘాల బస్సులు ఇంకో పద్ధతి. మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సులకు సంస్థ నెలకు 77,220 రూపాయల అద్దె ఇస్తది. నెలవారీ అద్దెకు కిలోమీటరు రేటు షరతులు అతికించొద్దు. బస్సు ఎన్ని రోజులు అందుబాటులో ఉందన్న లెక్క మీద కోతలు రాయాలె. మీ పత్రంలో ఈ రెండూ కలపకండి.

ఆడిట్_కన్ను:

మూడో ప్రశ్నకు. ఆర్టీసీ 1950 నాటి రోడ్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ల చట్టం కింద నడుస్తది. కొనుగోలు మాన్యువల్, డిపో మేనేజర్ నుంచి ఎండీ దాకా ఎవరు ఎంత వరకు కొనొచ్చన్న అధికార పంపిణీ, టెండర్ నమూనా పత్రాలు బోర్డు తీర్మానంతో మారుతయి. వాటిని రెగ్యులేషన్లుగా చేయాలంటే 45వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. ప్రభుత్వం తానే ఆదేశించాలనుకుంటే 34వ సెక్షన్ ఉంది. అసెంబ్లీ అవసరం లేదు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకతకు ప్రత్యేక చట్టాలు చేసుకున్నయి. మన దగ్గర అలాంటి చట్టం అడగొచ్చు, కాని దాన్ని ఈ పత్రంలో కలిపితే మిగతావన్నీ దాని కోసం ఆగుతయి.

కేంద్రం జీఎఫ్‌ఆర్ 2017 (కేంద్ర శాఖల సాధారణ ఆర్థిక నిబంధనలు), సీవీసీ (కేంద్ర విజిలెన్స్ కమిషన్) సర్క్యులర్లు రాష్ట్ర కార్పొరేషన్‌ను నేరుగా కట్టడి చేయవు. అవి కట్టడి చేస్తయని రాస్తే ఫైలు మీద ఒక్క లైనుతో కొట్టేస్తరు. 'ఆ పద్ధతిని బోర్డు స్వీకరించాలి' అని రాయండి. స్వీకరించదగ్గవి కొన్ని చెప్తాను.

టెండర్ వేయడానికి మామూలుగా కనీసం మూడు వారాల గడువు. ఏడు రోజుల షార్ట్ టెండర్‌కు కారణం రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఒక్క టెండరే వచ్చిందని దానంతటదే రద్దు చేయొద్దు. ప్రచారం సరిగా జరిగి, అర్హతలు బిగించినట్టు లేకుండా, ధర సమంజసంగా ఉంటే ఒక్కటైనా చెల్లుతదని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మళ్లీ పిలిస్తే రెండు మూడు నెలలు పోతయి, ఆలోపు స్టోర్ ఖాళీ అయితది. ధర తెరిచినంక బేరాలు వద్దు. ఎల్-1తో కూడా అసాధారణ పరిస్థితుల్లోనే మాట్లాడాలని 2007 మార్చి 3 నాటి సీవీసీ సర్క్యులర్. బేరం ఉంటదని తెలిస్తే అందరూ దానికి సరిపడా ముందే పెంచి వేస్తరు.

బిల్లుల విషయంలో కేంద్ర వ్యయ విభాగం 2021 అక్టోబర్ 29న ఇచ్చిన సాధారణ సూచనలు చూడండి. పనుల రన్నింగ్ బిల్లు పెట్టిన 10 పని దినాల్లో అర్హమైన మొత్తంలో 75 శాతానికి తగ్గకుండా ఇచ్చేయాలి, మిగతాది పరిశీలన పూర్తి చేసి 28 పని దినాల్లో. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే ఎంఎస్ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం), 2006 ఉండనే ఉంది: రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటొద్దు, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఇది రాష్ట్ర సంస్థలకూ వర్తిస్తది. కాకపోతే తయారు చేసేవాళ్లకు, సేవలిచ్చేవాళ్లకే. కొని అమ్మే ట్రేడర్‌కు ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల నమోదు పత్రం) ఉన్నా ఈ వడ్డీ హక్కు లేదు. స్పేర్ల సరఫరాలో ట్రేడర్లూ ఉంటరు కాబట్టి చట్టం ఒక్కటే చాలదు, ఒప్పందంలోనే తేదీ రాయాలి.

కుమ్మక్కు గురించి కూడా ఒక పేరా పెట్టండి. ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే ధరావతు) డీడీలు ఒకే బ్యాంకు శాఖ నుంచి వరుస నంబర్లతో రావడం, ఇద్దరి కాగితాల్లో ఒకే అక్షర దోషం, ఆన్‌లైన్ టెండర్లు ఒకే ఐపీ చిరునామా నుంచి పడటం, ప్రతిసారీ వంతులవారీగా గెలవడం. ఇవి కనపడితే కాంపిటీషన్ చట్టం, 2002 కింద కాంపిటీషన్ కమిషన్‌కు పంపాలని మాన్యువల్‌లో ఉండాలి. ఇప్పుడు ఎవరికైనా అనుమానం వస్తే టెండర్ రద్దు చేసి ఊరుకుంటరు, అదే గుంపు మళ్లీ వేస్తది.

ఛార్జింగ్_పాయింట్:

విద్యుత్ బస్సులు. కరీంనగర్-2, నిజామాబాద్-2, వరంగల్-2 డిపోలకు ఇప్పటికే వచ్చినయి. కంపెనీయే బస్సు, డ్రైవర్, నిర్వహణ చూసుకుంటది, సంస్థ కిలోమీటరుకు ఇంత అని కడుతది. దీన్ని గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు అంటరు. పదేళ్లకు పైగా మారని ఒప్పందం కాబట్టి మొదటి రోజు రాసిన తప్పు చివరి రోజు దాకా ఖర్చు పెట్టిస్తది. అద్దె బస్సుల షరతులు దీనికి సరిపోవు.

మొదట రేంజి. కొత్తలో 325 కి.మీ. తిరిగే బస్సు, బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడితే 260కి వస్తది. హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడానికి 290 దాకా ఉంటది. మొదటి రెండు మూడేళ్లు ఒక్క ఛార్జితో పోయి వస్తది, తర్వాత హైదరాబాద్‌లో మధ్యలో ఛార్జింగ్ పెట్టాల్సిందే. అక్కడ ప్లగ్ దొరక్కపోతే ట్రిప్పు రద్దు. అందుకే ఒప్పందంలో కొత్త బస్సు రేంజి రాయొద్దు. కాంట్రాక్టు చివరి ఏడాదిలో, మే నెల ఎండలో, ఏసీ నడుస్తూ, నిండు లోడుతో ఎంత అన్నది హామీగా రాయాలి. అంతకు తగ్గితే బ్యాటరీ ఎవరు మార్చాలో, ఎన్ని రోజుల్లో మార్చాలో కూడా.

రెండోది హామీ కిలోమీటర్లు. రోజుకు 200 కి.మీ. అని ఒప్పుకుని 160 మాత్రమే తిప్పగలిగితే, తిప్పని 40కి కూడా ఎంతో కొంత కట్టాలి. రూటు షెడ్యూలు వేసిన తర్వాత హామీ అంకె రాయాలి. చాలాచోట్ల హామీ ముందు రాసి, దానికి సరిపోయేలా షెడ్యూలు సాగదీస్తరు. డిపో నుంచి బస్టాండ్ దాకా ఖాళీగా పోయే కిలోమీటర్లు లెక్కలోకి వస్తయా రావా అన్నది కూడా రాయాలి. రాయకపోతే ప్రతి నెల బిల్లు మీద గొడవే.

మూడోది కరెంటు. ఇది టెండర్‌కు ముందే తేలాలి. 50 బస్సులు, ఒక్కోదానికి రోజుకు 200 యూనిట్లు, మొత్తం 10,000. రాత్రి ఆరు గంటల్లోనే అన్నీ నింపాలంటే ఛార్జింగ్ నష్టాలతో కలిపి 1,850 కిలోవాట్లు దాటుతది. మన దగ్గర ఇతరులతో కలిసిన ఫీడర్ మీదైతే 1,500 కేవీఏ దాటిన డిమాండ్‌కు 33 కేవీ లైను తీసుకోవాలి. 30 శాతం మధ్యాహ్నం నింపుకుంటే రాత్రి డిమాండ్ 1,300 దగ్గరికి దిగి 11 కేవీలోనే పనైపోతది. అంటే షెడ్యూలు చేతిలో లేకుండా ఎన్‌పీడీసీఎల్‌కు (మన కరెంటు పంపిణీ సంస్థ) దరఖాస్తు పెడితే అనవసరంగా పెద్ద లైను అడుగుతరు, లేకపోతే చాలని లైను తీసుకుంటరు. బస్సులు వచ్చి నిలబడి, లైను రాని పరిస్థితికి ఇదే మూలం. లైను, ట్రాన్స్‌ఫార్మర్ సంస్థ పేరు మీదే ఉండాలి. ఛార్జర్లు కాంట్రాక్టు ముగిసినంక ఎవరివన్నది ధరతో సహా రాయాలి. డిపో స్థలం కంపెనీకి వాడుకునే అనుమతి మీదే ఇవ్వాలి, లీజుకు కాదు.

జరిమానాలకు నెల బిల్లులో ఇంత శాతమని గరిష్ఠ పరిమితి ఉంటది. అది మరీ తక్కువ పెడితే బస్సు రిపేరు చేయడం కన్నా జరిమానా కట్టడమే చవక. మరీ ఎక్కువ పెడితే ఆ భయాన్ని రేటులో కలిపి కోట్ చేస్తరు. వరుసగా మూడు నెలలు పరిమితిని తాకితే కాంట్రాక్టు రద్దు హక్కు వస్తదని రాస్తే మధ్యేమార్గం. జీపీఎస్, బ్యాటరీ డేటా ఎప్పటికప్పుడు సంస్థ సర్వర్‌కు రావాలి. నెలాఖరుకు కంపెనీ పంపే ఎక్సెల్ షీటు మీద జరిమానా వేయలేం.

చెల్లింపు భద్రతకు కేంద్రం 2024 సెప్టెంబర్‌లో 3,435 కోట్లతో ఒక నిధి ఆమోదించింది. రవాణా సంస్థ బాకీ పడితే అందులోంచి కంపెనీకి చెల్లించి, తర్వాత రాష్ట్రం ఖాతా నుంచి రాబట్టుకుంటరు. దీనికి రాష్ట్రం ముందుగా డైరెక్ట్ డెబిట్ మాండేట్, అంటే తన ఖాతా నుంచి నేరుగా తీసుకునే అనుమతి, ఇవ్వాలి. అది ఉంటే బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పిస్తయి, కోట్ చేసే రేటు తగ్గుతది.

ఓరుగల్లు_ప్రయాణికుడు:

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. ఎల్-1 తీసేయమన్న మాట కొట్టేస్తున్నాం. ఇంకో సందేహం. నాణ్యతకు మార్కులు, ధరకు మార్కులు వేసి కలిపే పద్ధతి అడుగుదామని మావాళ్లలో ఒకరంటున్నారు. బస్టాండ్ పనులకైనా అది పెట్టొచ్చా? మరీ తక్కువకు వేసి సగంలో వదిలేసే కాంట్రాక్టర్లను ఎట్లా ఆపాలి?

ఆడిట్_కన్ను:

మార్కుల పద్ధతిని 2021 సూచనలు కొన్ని షరతులతో పనులకూ అనుమతించినయి, నాణ్యత వాటా 30 శాతం దాటొద్దని పరిమితి పెట్టినయి. పెద్ద, క్లిష్టమైన పనికి సరే. ప్లాట్‌ఫారం, మరుగుదొడ్లు, సీసీ రోడ్డుకు అక్కర్లేదు. మార్కులు వేసే చోట పలుకుబడి పనిచేస్తది. వాటికి ఉత్తీర్ణత లేదా తిరస్కరణ అని తేలే అర్హతలు పెట్టి, తర్వాత ధర చూడటమే మేలు.

సగంలో వదిలేసేవాళ్ల కోసం ఇంజినీరింగ్ శాఖలకు 2003 జూలై 1 నాటి జీవో 94లో ఒక మంచి ఏర్పాటు ఉంది. అంచనా కన్నా 25 శాతానికి మించి తక్కువకు వేస్తే, వేసిన ధరకూ అంచనాలో 75 శాతానికీ ఉన్న తేడా మేరకు అదనపు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. కోటి రూపాయల పనికి 65 లక్షలు వేస్తే 10 లక్షల గ్యారంటీ. అదే జీవోలో కాంట్రాక్టర్ చేతిలో ఇప్పటికే ఉన్న పనులు తీసేసి మిగిలిన సామర్థ్యం చూసే సూత్రం ఉంది. దాన్ని ఆర్టీసీ సివిల్ టెండర్లన్నిటిలో తప్పనిసరి చేయమని అడగండి.

స్టోర్స్_లెక్క:

పత్రం రాసేముందు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. 'కొనుగోళ్ల వివరాలన్నీ' అని అడిగితే వాణిజ్య రహస్యమని 8(1)(డి) కింద ఆపుతరు. విడివిడిగా అడగండి: గత మూడేళ్లలో వరంగల్ రీజియన్‌లో సామాను లేక ఆగిన బస్సులు నెలవారీగా, డిపోవారీగా ఎన్ని; డిపోల స్థానిక కొనుగోళ్ల మొత్తం ఎంత; అదే వస్తువుకు రేట్ కాంట్రాక్టు ధర ఎంత, బయట కొన్న ధర ఎంత; సగటున బిల్లు పెట్టిన ఎన్ని రోజులకు చెల్లించారు; ఒక్క టెండరే వచ్చిందని రద్దైనవి ఎన్ని. ఆర్డర్ ఇచ్చేసిన ధరలను రహస్యమని ఆపడం కష్టం. ఆపితే మొదటి అప్పీలు 30 రోజుల్లో వేయాలి.

డీజిల్ కూడా ఒక లైను వేసుకోండి. 2022 మొదట్లో బల్కు డీజిల్ ధర బంకు ధరను దాటిపోతే, ఆర్టీసీ బస్సులను డీజిల్ కోసం బయటి బంకులకు పంపాల్సి వచ్చింది. రెండింటి మధ్య తేడా ఎంత దాటితే బంకులకు మారాలో, ఆ మార్పును డిపో మేనేజరే చేయొచ్చో రీజియన్ అనుమతి కావాలో ముందే రాసిపెట్టుకుంటే అలాంటి సమయంలో వారాలు పోవు. బంకులకు పోయినప్పుడు డీజిల్ లెక్క తప్పకుండా ఉండాలంటే బిల్లు మీద బస్సు నంబరు, ఓడోమీటర్ రీడింగ్ రెండూ ఉండాలి. ఇంకోటి, బంకు దాకా పోయి వచ్చే ఖాళీ కిలోమీటర్లను ఆ బస్సు కేఎంపీఎల్ లెక్క నుంచి తీసేయాలి. లేకపోతే మైలేజీ పడిపోయిందని డ్రైవర్‌కు మెమో వస్తది.